దగ్గుమందు సీసా

ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట నేనొక దగ్గుమందు సీసాను పదకొండు అడుగుల లోతున పాతిపెట్టాను. నేను బతికుండగా దాన్ని ఎవడూ తవ్వి తీయడన్న ధీమాతో పాతిపెట్టాను. తవ్వడమే బతుకుతెరువుగా ఉన్నవాడికి అంత ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నేను పురావస్తు తవ్వకాల మేస్త్రిని. మట్టి కింద పాత పట్నాలుంటాయి. పైపొరలు గునపంతో, ఆ కింద తాపీతో, మరీ కిందికి పోతే కుంచెతో తీసుకుంటూ వెళతాం. బొమ్మలు గీసుకుని, ఫొటోలు తీసుకుని, పని అయిపోయాక గుంతను మళ్ళీ మట్టితో పూడ్చేస్తాం. పూడ్చేముందు అడుగున ఈ కాలపు వస్తువొకటి వదలడం మావాళ్ళ ఆనవాయితీ. ఎప్పుడో ఇంకొకడు తవ్వుకుంటూ వస్తే, ఇక్కడిదాకా ఎవరో ముందే దిగారని వాడికి తెలియాలి కదా. కొందరు నాణెం వేస్తారు, కొందరు సోడా మూత పడేస్తారు. నాకప్పుడు ఇరవయ్యెనిమిదేళ్ళు, నిలువెల్లా పొగరు. నేను చీటీ రాసి సీసాలో పెట్టాను.

ఆ చీటీ ప్రతి అక్షరం నాకు కంఠతా వచ్చు. "భావితరాల తవ్వకందారులకు నమస్కారం. ఈ గుంతను నేనెంత బాగా తవ్వానో గోడలు చూస్తే మీకే తెలుస్తుంది. మిగతా క్యాంపు సంగతి చెప్పకపోవడమే మంచిది గాని చెబుతున్నాను. మా ఆఫీసరుకు బుర్ర తక్కువ, మీసం ఎక్కువ. బొమ్మలు గీయడానికి ఆయన చెల్లెలొకతి వచ్చి మూడు నెలలైంది. ఆ పిల్ల చేతిలో పడితే ప్రతి కుండా పళ్ళెమైపోతుంది. ఆ బొమ్మలు చూసి మన పూర్వీకులు పళ్ళాల్లో నీళ్ళు మోసుకున్నారని అనుకోకండి. పైగా ఎప్పుడు చూసినా మూతి ముడుచుకుని ఉంటుంది. దీన్ని కట్టుకోబోయే మహానుభావుడికి నా ప్రగాఢ సానుభూతి." కింద సంతకం, తేదీ.

ఆ మహానుభావుణ్ణి నేనే.

ఎలా అంటారా? గుంత పూడ్చిన రోజు మధ్యాహ్నమే ఆ పిల్ల ఒక కుండపెంకు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "దీని అంచు ఎలా నిలబెట్టాలో చూపిస్తారా?" అంది. అప్పటిదాకా నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి! నా తవ్వకం చూసో, నా అందం చూసో వచ్చిందనుకున్నాను. అంచుపెంకును బల్ల మీద బోర్లించి, కింద నుంచి వెలుతురు దూరకుండా కుదురుకునేదాకా అటూ ఇటూ ఊపాలని చూపించాను. అలా కుదురుకున్నప్పుడే కుండ అసలు వాలు తెలుస్తుంది. ఆమె ఊపింది. నేను చూశాను. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. మీసాల ఆఫీసరు నాకు బావగారయ్యాడు.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటుంది. పెళ్ళిలో ఎవరో అడిగారు, "అమ్మాయి ఎలా నచ్చిందోయ్?" అని. నేను ఊరుకోవచ్చుగా! "ఈమె క్యాంపులో అడుగుపెట్టిన రోజు, మొదటి గంటలో, ఒక పెంకును ఎండకేసి ఎత్తి చూస్తోంది. ఆ వెలుగు మొహాన పడింది. అంతే, అక్కడికక్కడే పడిపోయాను" అన్నాను. అందరూ ఆహా అన్నారు. మా ఆవిడ తలొంచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు రుచి తగిలింది. ఇక అప్పటినుంచి ఎవరింట్లో శుభకార్యమైనా, నలుగురు కూర్చుంటే చాలు, ఆ కథ చెప్పాల్సిందే. చెప్పినప్పుడల్లా ఓ ముక్క కలిపాను. మొన్నీమధ్య కొత్తల్లుణ్ణి కూర్చోబెట్టి, "ప్రేమంటే అదోయ్, మొదటి గంటలో తేలిపోవాలి" అని గంటసేపు ఉపన్యాసం దంచాను.

నిజం చెప్పొద్దూ, ఆ కథంటే నాకు ప్రాణం. ఏడాదిలో ఎనిమిది నెలలు గుంతల్లో బతికేవాణ్ణి. ఆమెకు నేనిచ్చిన సుఖం అంతంత మాత్రం. ఆ కథ చెబుతున్నంతసేపూ మాత్రం ఆమె మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు ఆరిపోకుండా చూసుకుంటే చాలనుకుంటూ వచ్చాను.

ఇలా ఉండగా సీసాలావిడ దిగింది.

పాత సీసాలూ డబ్బాలూ పోగేస్తుందని మేం పెట్టుకున్న పేరది; అసలు పేరేదో ఉంది, నాకు నోరు తిరగదు. దేశదేశాల పాత కట్టడాలన్నీ తిరిగిన పెద్ద పండితురాలు. మావాళ్ళతో కలిసి చాలాకాలం పనిచేసింది కాబట్టి మా మాట వచ్చు, మా రాత మాత్రం రాదు. ఆవిడ పెట్టె తెరిస్తే మతిపోయింది. ఎడారిలో ఏ రాజుదో సమాధి పక్కన గుంత అడుగున దొరికిన ఎడమకాలి చెప్పు. ద్వీపంలో కూలిపోయిన మహలు కింద దొరికిన చేపల డబ్బా, అందులో మడతపెట్టిన వార్తాపత్రిక. కొండమీది రాతిపట్నంలో దొరికిన కట్టుడు పన్ను. అన్నీ మాబోటి తవ్వకందారులు మాబోటి తవ్వకందారుల కోసం వదిలినవే.

"వేల ఏళ్ళ నాటి కుండల్ని చూడ్డానికి జనం బారులు తీరతారు. వాటిని పైకి తీసినవాళ్ళ మొహం ఎవరికైనా తెలుసా? అందుకే వీటితో ప్రదర్శన పెడుతున్నాను" అందావిడ.

బావగారు ఇప్పుడు డైరెక్టరు. మీసం తీసేశాడు గాని ఉత్సాహం తీయించుకోలేదు. బల్ల మీద చెయ్యి చరిచి, "మా దగ్గర అంతకంటే ఘనమైందుంది! మా బావ దగ్గుమందు సీసాలో చీటీ రాసి పాతిపెట్టాడు. ఎటూ ఆ గుంతను ఈ ఏడు తిరిగి తెరిచి ఇంకా లోతుకు వెళ్ళాలనుకుంటున్నాం. మీ చేత్తోనే తీద్దురుగాని" అన్నాడు.



"చీటీలో ఏం రాశారు?" అని సీసాలావిడ నా వైపు తిరిగింది.

"ఏముందండీ, వాతావరణం... ఎండలు ఎక్కువగా ఉన్నాయని..."

మా ఆవిడ కిటికీ పక్కన తన బల్ల దగ్గర పెన్సిలు చెక్కుకుంటోంది. ఇప్పుడు డిపార్టుమెంటులో ఆమెను మించి కుండ బొమ్మ గీసేవాళ్ళు లేరు. తల ఎత్తకుండానే, "నాకూ ఎప్పుడూ చెప్పలేదండీ. ఇన్నాళ్ళకు వింటాం" అంది.

మర్నాడే కొత్త ఆఫీసరమ్మను పట్టుకున్నాను. ఆ గుంత ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. చదువుకున్న పిల్ల, మహా నిక్కచ్చి.

"అమ్మా, ఆ గుంత జోలికి వెళ్ళకండి. గోడలు కూలతాయి. అప్పట్లో సరిగ్గా తవ్వలేదు."

"ఎవరు తవ్వారు మేస్త్రిగారూ?"

"ఎవడో... తెలివితక్కువవాడు."

ఆమె రిజిస్టరు తెరిచింది. "ఇక్కడ మీ పేరే ఉందే?"

ముప్పయ్యేళ్ళుగా ఆ గోడల గురించి డప్పు కొట్టుకున్నవాణ్ణి, నా నోటితోనే వాటిని దుమ్మెత్తిపోశాను. ఫలితమా? ఆమె గోడలకు చెక్కదన్నులు పెట్టించి మరీ తవ్వకం మొదలుపెట్టింది. పూడ్చిన మట్టి కదా, మెత్తగా తట్టల్లోకి వచ్చేస్తోంది. వారం తిరిగేసరికి పదడుగులు దిగిపోయారు. మిగిలిన అడుగు మర్నాడు సాయంత్రం సీసాలావిడ చేతుల మీదుగా, అందరి సమక్షంలో, అని బావగారు ప్రకటించాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ మంచి చీర ఇస్త్రీ చేస్తోంది.

"ఎక్కడికే?"

"రేపు మీ సీసా తీస్తారుగా. అమ్మాయినీ అల్లుణ్ణీ కూడా రమ్మన్నాను."

"అల్లుడెందుకు! పాపం ఆఫీసు మానుకుని..."

"మామయ్యగారి చీటీ అంటే ఎగిరి గంతేశాడు." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "నా గురించి కూడా రాశారా అందులో?"

"రాయకుండా ఉంటానా?"

"ఏమని?"

"అన్నీ... ఉన్నవే."

"అయితే రేపు వింటాను" అని మళ్ళీ చీర అందుకుంది. పాట కూడా కూనిరాగం తీస్తోంది. నాకు అన్నం సహించలేదు. కొరివితో తల గోక్కున్నది చాలక, ఆ తలను తీసుకెళ్ళి అల్లుడి ముందు పెట్టబోతున్నాను. తిడితే పడతాను, వారం మాట్లాడకపోయినా ఓర్చుకుంటాను. కాని ఆ పెళ్ళినాటి నవ్వు ఉంది చూశారూ, అది అబద్ధం మీద నిలబడిందని ఆమెకు తెలిసిపోతే? అందరి ముందూ, కూతురు వింటుండగా?

ఇక ఒకటే దారి. దొంగతనం.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ. కూలీలంతా చెట్ల నీడకు పోయారు. ఆఫీసరమ్మ టెంటులో ఉంది. నేను నిచ్చెన మీదుగా గుంతలోకి దిగాను. సీసా ఎక్కడుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈశాన్యపు మూల, గోడ నుంచి రెండు జానలు. మెత్తమట్టిని తాపీతో అడుగు లోతు తోడానో లేదో గోధుమరంగు గాజు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. లాగి, జేబులో వేసుకుని, మట్టి కప్పేసి, నిచ్చెనెక్కితే సరి. రెండు నిమిషాల పని.

కాని సీసా మూత మీద కొంచెం మట్టి ఉంది. మట్టి ఉండగా వస్తువును లాగుతామా? కుంచె తీసి దులిపాను. దులిపాక సీసా పడుకున్న తీరు తెలిసింది. పక్కకు ఒరిగి ఉంది. చుట్టూ మట్టిని చక్కగా దిమ్మెలా వదిలి, మిగతాది సమంగా గీరాను. గీరిన మట్టిని తట్టలోకెత్తాను. గోడ అంచు కాస్త చెదిరినట్టనిపిస్తే దాన్నీ సరిచేశాను. ఫొటోల్లో కొలత తెలియడానికి పెట్టే ఎరుపు తెలుపు గళ్ళ స్కేలు అక్కడే ఉంది కదాని సీసా పక్కన పెట్టాను. పెట్టింది వంకరగా ఉంటే తిన్నగా జరిపాను. వివరాలు రాసి కట్టే అట్టముక్క లేదు. నిచ్చెనెక్కి పైకి వెళ్ళి, అట్టముక్కా పురికొసా పట్టుకుని, మళ్ళీ బుద్ధిగా దిగాను! మోకాలి మీద పెట్టుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: గుంత నంబరు, పొర, లోతు, తేదీ. వస్తువు: గాజు సీసా, మందుది, మూతతో సహా, పగుళ్ళు లేవు. కనుగొన్నవారు: అని రాసి, నా పేరు సగం రాశాక పెన్ను ఆగిపోయింది.

ఓరి నా బుద్ధి మండిపోనూ! దొంగతనానికి వచ్చి రసీదు రాస్తున్నాను.

"దిక్కు బాణం పెట్టలేదండీ" అని పైనుంచి వినిపించింది.

తలెత్తితే మా ఆవిడ. చేతిలో కెమెరా. ఇస్త్రీ చీరలో గుంత అంచున గొంతుక్కూర్చుని ఉంది. ఎంతసేపటినుంచి చూస్తోందో.

"అదీ... ఊరికే... సాయంత్రానికి పని తేలికవుతుందని..."

"అవునవును. మీరెప్పుడూ ముందుచూపే" అని టెంటు వైపు కేకేసింది. "అన్నయ్యా! రండి, సీసా బయటపడింది!"

అందరూ పరిగెత్తుకొచ్చారు. సీసాలావిడ గుంతలోకి తొంగిచూసి, దిమ్మె మీద సీసానూ, స్కేలునూ, అట్టముక్కనూ చూసి చేతులు జోడించింది. "ఎన్ని దేశాలు తిరిగాను, ఇంత పద్ధతైన మేస్త్రిని చూడలేదు! తన సొంత సీసా అయినా లాగి జేబులో వేసుకోలేదు చూశారా!" అంది. అల్లుడు చప్పట్లు కొట్టాడు. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇక ముహూర్తం సాయంత్రం దాకా ఎందుకన్నారు. బల్ల వేశారు, తెల్లగుడ్డ పరిచారు. మూత చుట్టూ నేనే అప్పట్లో పోసిన మైనం గట్టిగా బిగిసి ఉంది. సీసా గుంతలో పెట్టిన మర్నాడు, మట్టి పోసేముందు పోశాను. ఆ మైనాన్ని సీసాలావిడ సన్నని కత్తితో గీరుతుంటే నా మెడనే గీరుతున్నట్టుంది. మూత ఊడింది. పటకారుతో చీటీ లాగి, విప్పి, తనకు చదవడం రాదు కాబట్టి ఆఫీసరమ్మకు అందించింది.

నేను మా ఆవిడ పక్కకు జరిగాను. "ఏమోయ్, ఒక్కమాట. అప్పట్లో నేను ఒట్టి వెధవని" అన్నాను చెవిలో.

"ష్. వినండి."

ఆఫీసరమ్మ గొంతు సవరించుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"తవ్వినవారికి. ఈ సీసాలో ఇంతకుముందు ఇంకో చీటీ ఉండేది. అది నా దగ్గరుంది. గోడల బొమ్మ గీయడానికి దిగినప్పుడు మూత తీసి చదివాను. తప్పే."

నేను కళ్ళు తెరిచాను. అది నా చీటీ కాదు. ఆఫీసరమ్మ కొనసాగించింది.

"రాసినాయన, నా చేతిలో కుండలు పళ్ళాలైపోతున్నాయన్నాడు. మా అన్నయ్య ఆఫీసరు కాబట్టి ఇంతవరకూ అందరూ నా బొమ్మలు బ్రహ్మాండమన్నారు. చదివాక కాసేపు ఏడ్చాను. తరవాత ఒక పెంకు తీసుకుని నా బొమ్మతో పోల్చి చూశాను. ఆయన చెప్పింది నిజం. మూడు నెలల్లో నాతో నిజం చెప్పింది ఈయనొక్కడే, అదీ భూమికి చెప్పాడు. అంచు ఎలా నిలబెట్టాలో రేపు వెళ్ళి ఆయన్నే అడుగుతాను. గోడలు మాత్రం గొప్పగా తవ్వాడు, ఒప్పుకోవాలి. నా మూతి సంగతి ఆలోచిస్తాను. ఆయన చీటీలో ఒక్క వాక్యం భావితరాలకు పనికొస్తుందనిపించి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను."

ఆఫీసరమ్మ ఆగిపోయింది. డైరెక్టరు వైపు చూసింది.

"చదవమ్మా, మొహమాటమెందుకు" అన్నాడు బావగారు.

"మా ఆఫీసరుకు... బుర్ర తక్కువ, మీసం ఎక్కువ."

బావగారు చేత్తో పైపెదవి తడుముకున్నాడు. "మీసం తీసేసి పదేళ్ళయింది" అన్నాడు మెల్లగా. "బుర్ర సంగతి మీరే తేల్చండి." ముందు సీసాలావిడ పకపకా నవ్వింది, ఆ తరవాత ఇక ఎవరూ ఆగలేదు. బావగారైతే కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అల్లుడొక్కడే నన్ను అదోలా చూస్తున్నాడు. మొదటి గంటలో తేలిపోవాలన్న ఉపన్యాసం గుర్తొచ్చినట్టుంది.

సందడి తగ్గాక మా ఆవిణ్ణి టెంటు వెనక్కి తీసుకెళ్ళాను. కోపం రావాల్సింది నాకా ఆమెకా అన్నది తేలక తికమకగా ఉంది.

"అంటే నీకు అంతా తెలుసు. మరి ఇన్నేళ్ళూ నేను కోతలు కోస్తుంటే నవ్వుతూ కూర్చున్నావా?"

"అంత ఒళ్ళు మరిచి చెబుతుంటే ఆపబుద్ధి కాలేదండీ. పైగా ప్రతిసారీ కొత్తగా ఉండేది. మొన్న అల్లుడికి చెప్పినప్పుడు చిలకలు కూడా ఎగిరాయి."

"పెళ్ళిలో తలొంచుకుని నవ్వావే..."

"నవ్వు ఆపుకోలేక తలొంచుకున్నాను."

ముప్పయ్యేళ్ళు నేను కాపాడుకుంటూ వచ్చిన వెలుగు! కాస్త తేరుకుని, "నా చీటీ ఏది? చింపేశావా?" అన్నాను.

"చింపడమా?" అంది. అప్పటిదాకా ఉన్న అల్లరి గొంతులోంచి పోయింది. "నా పెట్టెలో పెళ్ళిచీర కింద ఉంది. మీరు నా గురించి అబద్ధం కలపకుండా రాసింది అదొక్కటేగా. నేను మీ దగ్గరికొచ్చింది అది చదివే. మీ కథకు కాదు."

ఆ మాటకు నా కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందన్నాను. దుమ్ములో పనిచేసేవాళ్ళకు ఉన్న ఒకే ఒక్క సౌకర్యం అది.

నెల తరవాత లోతు తవ్వకం పూర్తయింది. గుంత మళ్ళీ పూడ్చాలి. పాత సీసా సీసాలావిడ పెట్టెలో, చెప్పుకూ కట్టుడు పన్నుకూ మధ్య, దేశాలు చూడ్డానికి వెళ్ళిపోయింది. "మేస్త్రిగారూ, ఈసారీ మీరే ఏదైనా పెట్టండి" అంది ఆఫీసరమ్మ. నేను కొత్త దగ్గుమందు సీసా కడిగి ఆరబెట్టి, చీటీ రాశాను. ఒక్క కోత లేకుండా రాయడానికి మూడు కాగితాలు చింపాల్సొచ్చింది. "ఇదివరకు ఇక్కడ ఒక చీటీ రాశాను, అందులో ఆ పిల్ల బొమ్మల గురించి రాసింది నిజం, ఆమె గురించి రాసింది తప్పు. ఆమె మీద మనసు ఎప్పుడు పడిందో నాకు నిజంగా గుర్తులేదు. మొదటి గంటలో మాత్రం కాదు. పెంకు బల్ల మీద ఊపుతున్నప్పుడో, ఆ తరవాతెప్పుడో. ఇన్నేళ్ళూ రోజు విషయంలో అబద్ధమాడాను, సంగతి విషయంలో కాదు" అని రాసి సంతకం పెట్టాను.

సీసాను ఈశాన్యపు మూల, గోడకు రెండు జానల దూరంలో పెట్టి నిచ్చెనెక్కాను. పైన మా ఆవిడ గోడల బొమ్మ గీయడానికి అట్టా పెన్సిలూ పట్టుకుని, నేను పక్కకు తప్పుకుంటే దిగుదామని నిలబడి ఉంది.

"మూతకు మైనం పొయ్యలేదే?" అంది ఆఫీసరమ్మ.

"రేపు పోద్దాంలేమ్మా" అన్నాను, నిచ్చెన దిగుతున్న మా ఆవిడకు కూడా వినపడేలా.